వలందుల లంకల్లో నాలుగు రోజులు

నెదర్లాండ్స్‌కు నైరుతి మూలన, బెల్జియం సరిహద్దును ఆనుకొని ఉన్న జేలండ్ ప్రావిన్సుకు మేము ఆగస్టు చివరి వారంలో వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నాము. మేమిద్దరం ఐంధోవెన్‌లో ఉద్యోగాలు చేస్తున్నాము. మాతో పాటు అవనిగడ్డ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు ఉన్నారు. కృష్ణ సముద్రంలో కలిసే నేల మీద పుట్టి పెరిగిన మనుషులకు జేలండ్ పటం చూడగానే అర్థమవుతుంది: స్కెల్డె నది పాయల మధ్య ఏర్పడిన లంకలు, వాటి చుట్టూ కరకట్టలు, కట్టల లోపల సముద్రమట్టానికి కాస్త అటూ ఇటూగా పొలాలు. ప్రావిన్సు విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా నీరే.

బస విషయంలో మేము చేసిన పొరపాటును ముందుగా చెప్పాలి. మొదటి రెండు రాత్రులకు డోంబర్గ్ దగ్గరి సముద్రతీరంలో ఒక విహార కేంద్రంలో బంగళా తీసుకున్నాము. ఇసుక తిన్నెలు దాటితే సముద్రం, ఇంట్లో వంటగది, అమ్మకు ఇష్టమైన పప్పు, చారు వండుకునే వీలు, ఇవన్నీ బాగున్నాయి. అయితే ముందుగా చూపిన అద్దెకు దుప్పట్ల ఖర్చు, శుభ్రం చేసినందుకు రుసుము, పర్యాటక పన్ను విడివిడిగా కలిపేసరికి బిల్లు దాదాపు సగం మేర పెరిగింది. పైగా మాకు కారు లేదు. ఆదివారం నాడు బస్సు కోసం గంటకు పైగా ఎదురుచూడవలసి రావడంతో నాన్నగారి మోకాళ్ళు పట్టేశాయి. కారు లేనివారు, పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళేవారు తీరంలో కాకుండా రైలు వచ్చే మిడెల్‌బర్గ్‌లోనో వ్లిసింగెన్‌లోనో బస చేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

తరువాతి రెండు రాత్రులు మిడెల్‌బర్గ్‌లో, ఒక పాత ఇంటి పై అంతస్తులో ఉన్నాము. ఇంటావిడ మర్యాదగా చూసుకున్నారు, ఉదయం ఫలహారమూ బాగుంది. అయితే ఆ ఇళ్ళలో మెట్లు నిచ్చెన వేసినంత నిటారుగా ఉంటాయి కాబట్టి కింది అంతస్తు గది ఉందో లేదో ముందే అడగాలి. ప్రావిన్సు రాజధాని అయిన ఈ ఊరు 1940 మే 17న యుద్ధంలో తగలబడింది. పురపాలక భవనాన్నీ, మఠాన్నీ, లాంగె యాన్ అనే గోపురాన్నీ మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఆ గోపురానికున్న 207 మెట్లు ఎక్కితే ఈ ఊరున్న వాల్ఖెరెన్ ప్రాంతమంతా కనిపిస్తుంది. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ ఆరు శాఖల్లో ఆమ్‌స్టర్‌డామ్ తరువాత పెద్దది ఇక్కడిదే. ఆ కంపెనీ వర్తకులే మచిలీపట్నంలో స్థిరపడ్డారు, డచ్చివారిని మనవాళ్ళు వలందులు అనేవారు, ఆ పేరు మీదే అక్కడి వలందపాలెం ఉంది. ఇక్కడి రేవు పక్కన నిలబడి ఆ మాట చెబితే నాన్నగారు చాలాసేపు ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయారు.

జేలండ్ దేని మీద బతుకుతున్నదో తెలుసుకోవాలంటే వ్లిసింగెన్ సముద్రపు గట్టు మీద ఒక గంట కూర్చుంటే చాలు. ఓడల దారి తీరానికి ఎంత దగ్గరగా ఉందంటే ఆంట్‌వెర్ప్‌కు పోయే పెద్ద సరకు ఓడలు ఊరి ముందునుంచే కదిలిపోతాయి. తూర్పున రేవు, దాని అవతల 1973 నుంచి పనిచేస్తున్న బోర్సెలె అణువిద్యుత్ కేంద్రం, స్కెల్డె నదికి ఆవలి ఒడ్డున టెర్నోజెన్‌లో రసాయన కర్మాగారాలు ఉన్నాయి. అవతలికి కారులో వెళ్ళేవారికి 2003లో తెరిచిన 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. నడిచి వెళ్ళేవారినీ, సైకిళ్ళవారినీ బ్రెస్కెన్స్‌కు చేర్చే పడవ ఇప్పటికీ తిరుగుతోంది. ఆ ప్రయాణం హాయిగా ఉంటుంది కానీ ఆ ఒడ్డున మాకు చూడదగ్గది పెద్దగా కనబడలేదు. రైల్లో వచ్చేటప్పుడు కిటికీలోంచి కనిపించే బంగాళాదుంప, ఉల్లి పొలాలను తేలికగా తీసుకోకూడదు: దేశపు ఉల్లి ఎగుమతి వ్యాపారానికి జేలండ్ ముఖ్య కేంద్రం.

చివరి రోజుకు కారు అద్దెకు తీసుకున్నాము, ఎందుకంటే స్ఖౌవెన్-డౌవెలండ్ లంకకు రైలు లేదు. చాలామంది నేరుగా, ఉప్పెనను ఆపడానికి నదీముఖానికి అడ్డంగా కట్టిన ఓస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట దగ్గరికి వెళ్ళి, ఫొటోలు తీసుకొని తిరిగి వస్తారు. మేము 1965లో తెరిచిన ఐదు కిలోమీటర్ల జేలండ్ వంతెన మీదుగా ముందు ఆ లంకలోని ఔవర్‌కెర్క్ అనే పల్లెకు వెళ్ళాము, మీరూ అలాగే వెళ్ళాలని కోరుతున్నాను. 1953 జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. ఔవర్‌కెర్క్ దగ్గర తెగిన కట్టలో చివరి గండిని ఆ సంవత్సరం నవంబరులో నాలుగు కాంక్రీటు పెట్టెలతో పూడ్చారు; రెండో ప్రపంచయుద్ధంలో కృత్రిమ రేవుల కోసం తయారైన ఆ పెట్టెలే ఇప్పుడు ఉప్పెన మ్యూజియం గదులు. చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ అక్కడ ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను స్వయంగా చూసిన నాన్నగారు ఆ చీకటి గదిలో, తమ ఊరిలో పోయినవారి పేర్లు ఎక్కడా ఒకచోట రాసి చూడలేదని మెల్లగా అన్నారు.

మధ్యాహ్నం అదే లంకలోని జీరిక్‌జే పట్టణంలో ఆగాము. భోజనం దగ్గర అమ్మకు శాకాహారం దొరకడం కష్టమైంది. దాల్చినచెక్క, బెల్లంలాంటి చక్కెరతో చుట్టిన బోలస్ అనే ఇక్కడి రొట్టె మాత్రం ఆవిడకు బాగా నచ్చింది. మేము యెర్సెకే నుంచి వచ్చిన మసెల్స్ తిన్నాము. గుండిగ నిండా ఆవిరి మీద ఉడికించి తెచ్చే ఈ నల్లని ఆల్చిప్పలకు అడిగిన ధర న్యాయమే.

ఆ మసెల్స్ రుచికీ అడ్డుకట్టకూ సంబంధం ఉంది. మొదట ఆ నదీముఖాన్ని పూర్తిగా మూసివేయాలని అనుకున్నారు. ఆటుపోట్లు ఆగిపోతే చేపలూ ఆల్చిప్పలూ నశిస్తాయని జాలరులు, ప్రకృతి ప్రేమికులు పోరాడడంతో 65 స్తంభాల మధ్య 62 ఉక్కు తలుపులు పెట్టి, 1986లో పూర్తిచేశారు. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి, నీరు మూడు మీటర్ల మట్టం చేరుతుందన్న సూచన వస్తే దించుతారు. అడ్డుకట్ట మధ్యనున్న నేల్‌త్యె యాన్స్ దీవిలోని ప్రదర్శనశాలలో సగం పిల్లల వినోదాలే కాబట్టి, పిల్లలు లేనివారు టిక్కెట్టు గురించి ఆలోచించుకోవచ్చు. మేము కట్ట మీద నిలబడి పోటు నీరు తలుపుల కిందుగా హోరుమంటూ లోపలికి దూసుకుపోవడం చూశాము. గాలి బలంగా వీస్తున్నా, చీకటి పడుతున్నదని చెప్పినా, నాన్నగారు చాలాసేపటి వరకు కారెక్కలేదు.