ఎక్సిఫ్‌టూల్: ఫొటోకి పెట్టిన పేరు ఫొటోతోనే వెళ్లాలంటే

నాన్న తీసిన పాత ఫొటోలు స్కాన్ చేసి మూడేళ్లుగా సర్దుతున్నాను. 2,300 పైచిలుకు ఉన్నాయి. ఎవరెవరున్నారో పెద్దవాళ్లు పక్కన కూర్చుని చెబుతుంటే ట్యాగులు పెట్టుకుంటూ వచ్చాను. ఆ పనంతా ఒకసారి గాల్లో కలిసిపోయింది. ఫొటో ఫైల్ లోపలి సమాచారాన్ని చదివి మార్చే ఎక్సిఫ్‌టూల్ అన్న ప్రోగ్రామ్ నా చేతికి వచ్చింది ఆ తర్వాతే.

మొదట వాడింది ఒక ఫైల్ మేనేజర్. ఫొటో మీద కుడి క్లిక్ చేసి పేరు కొడితే సరిపోయేది. ఆరు నెలలయ్యాక ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కకి ఇచ్చాను, అదే కాపీతో నా సిస్టమ్ కూడా మార్చుకున్నాను. రాత్రి అక్క ఫోన్ చేసి, "ఫొటోలు బావున్నాయిరా, మరి పేర్లేవి?" అంది. ఒక్కటీ లేదు. చెప్పినవాళ్లలో ఒకరు అప్పటికే మాకు లేరు.

ట్యాగు అన్న మాట ఒకటే గానీ అది కూర్చునే చోట్లు వేరు. మ్యాక్‌లో 2013 నాటి మావరిక్స్ వెర్షన్‌తో వచ్చిన, ఫైండర్ అనే ఫైల్ మేనేజర్ పెట్టే ట్యాగులు ఫైల్ లోపల ఉండవు, డిస్క్‌లో ఫైళ్లను సర్దిపెట్టే ఫైల్ సిస్టమ్‌లో ఆ ఫైల్‌కి తగిలించిన అదనపు గుణాలుగా ఉంటాయి. లినక్స్‌లో కేడీఈ వారి డాల్ఫిన్ అనే ఫైల్ మేనేజర్ పెట్టేవీ అంతే. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లలో వీటికి చోటే లేదు. మ్యాక్ మాత్రం ఆ గుణాలను చుక్క, కింది గీతతో మొదలయ్యే మరో చిన్న ఫైల్‌లో పెట్టి పక్కన ఉంచుతుంది. ఇంకో మ్యాక్ దాన్ని చదువుకుంటుంది, మిగతా సిస్టమ్‌లకు అది అర్థంకాని ఫైలే. విండోస్ దారి వేరు: జేపెగ్ ప్రాపర్టీస్‌లో ట్యాగు రాస్తే అది ఫైల్ లోపలికే వెళ్తుంది. కానీ మామూలు టెక్స్ట్ ఫైల్‌కి ఆ గడే ఉండదు.

ఎక్సిఫ్‌టూల్‌ని ఫిల్ హార్వే పెర్ల్ భాషలో రాశారు. 2003 నుంచి ఉంది, ఉచితం, మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఏ సమాచారం ఫైల్‌లో ఏ అరలో ఉందో అర పేరుతో సహా చూపించడం. ఒక ఫొటో మీద నడిపితే "తాతయ్య" అన్న ఒక్క ట్యాగు ఫొటోల్లో సమాచారం దాచే మూడు రకాల అరల్లో కనిపించింది: ఐపీటీసీలో, ఎక్సిఫ్‌లోని విండోస్ గడిలో, ఎక్స్‌ఎంపీలో. చివరి రెంటిలో తెలుగు శుభ్రంగా ఉంది. ఐపీటీసీలో మాత్రం తలమీద గీతున్న లాటిన్ "ఏ" అక్షరాలు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు వరసగా ఉన్నాయి. అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడు బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. దాన్ని లాటిన్ అనుకుని చదివితే ఆ గీతల "ఏ" వస్తుంది. అక్షరాలు పాడవలేదు, ఇది ఏ లిపి సంకేతమో చెప్పే గుర్తు ఆ ఫొటో ఐపీటీసీలో పెట్టిలేదంతే. ఆ గుర్తును యూటీఎఫ్-8 అని పెట్టి తిరిగి రాయిస్తే "తాతయ్య" తాతయ్యలాగే కనిపించింది. ఎక్స్‌ఎంపీ మొదటి నుంచీ యూనికోడే కాబట్టి ఈ గొడవ దానికి లేదు. ఇప్పుడు నా పేర్లన్నిటికీ అదే అసలు చోటు.

ఫైల్ పేర్లలోనే అన్నీ రాసుకుంటే చాలదా అని అడిగేవాళ్లకి ఒక మాట. "నాన్న సైకిల్" అన్న ఫైల్ పాత మ్యాక్ డిస్క్ నుంచి లినక్స్‌కి వచ్చింది. వెతికితే దొరకలేదు. ఆ పాత మ్యాక్ డిస్క్‌లోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాచుతుంది, మన ఐత్వాన్ని ఎత్వం, దాని కింద గుర్తు అని రెండు ముక్కలు చేస్తుంది. కంటికి రెండూ "సై"యే, వెతికే ప్రోగ్రామ్‌కి వేర్వేరు.

ఇక ఇబ్బందులు. దీనికి కిటికీలు, బొత్తాలు లేవు, ఆదేశాలు టైప్ చేయాలి. విండోస్‌లో తెలుగును నేరుగా ఆదేశంలో కొట్టకుండా యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైల్‌లో రాసి దాన్ని చదవమనడం మేలు. ఏది మార్చినా ముందు పాత ప్రతిని "ఒరిజినల్" అన్న తోకతో దాస్తుంది. డిస్క్ నిండుతుందని ఆపేయొచ్చు, నేను ఆపలేదు.

ఎంపీ3లలో ట్యాగులు చదువుతుంది గానీ రాయదు. నాన్న మాటలు రికార్డు చేసినవి కొన్ని ఉన్నాయి, వాటికి కిడ్3 అనే ట్యాగుల ప్రోగ్రామ్ వాడాను. ఎంపీ3లలో ట్యాగులు దాచే పద్ధతి పేరు ఐడీ3. 1996 నాటి దాని మొదటి రకంలో శీర్షికకి 30 బైట్లే. "నాన్న గొంతు" అన్న చిన్న మాటకే 31 అవుతాయి, చివరి కొమ్ము తెగిపోతుంది. రెండో రకం ఐడీ3లో యూనికోడ్‌గా రాస్తే ఏ బాధా లేదు.

ఈసారి తొందరపడలేదు. పది ఫొటోలకి పేర్లు ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో మూడు సిస్టమ్‌ల మీదా చూశాను. విండోస్‌లో ప్రాపర్టీస్‌లో, మ్యాక్‌లో గెట్ ఇన్ఫోలో, లినక్స్‌లో డిజీకామ్ అనే ఫొటోల ప్రోగ్రామ్‌లో అవే పేర్లు కనిపించాకే మిగతావి మొదలుపెట్టాను. చెప్పేవాళ్లు లేని ఫొటోలకు "ఎవరో" అని పెట్టాను. పోయిన నెల అక్క వాటిలో ఒకటి తన విండోస్ కంప్యూటర్‌లోనే మార్చి తిరిగి పంపింది. నా లినక్స్‌లో ఎక్సిఫ్‌టూల్‌తో తెరిచి చూస్తే, "ఎవరో" ఉన్నచోట "నాన్న స్నేహితుడు, సైకిల్ ఆయనదే" అని ఉంది.