గోంగూర సీసా మీద బాలూ తమ్ముడు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే మూడేళ్లుగా పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్ముతున్నాను. మొదట వేయించిన లేబుళ్ల మీద అక్షరాలు మరీ సన్నం. అల్మారాలో నాలుగు సీసాలు పక్కపక్కన పెడితే ఏది గోంగూరో, ఏది పండుమిర్చో చేతిలోకి తీసుకుంటే గానీ తెలిసేది కాదు. నిరుడు సంక్రాంతి ముందు మా అమ్మాయి గూగుల్ ఫాంట్స్ సైట్‌లో 'బాలూ తమ్ముడు 2' అనే తెలుగు ఫాంట్ (అక్షరాల అచ్చు) చూపించింది. అప్పట్నుంచి సీసా మీద పేరు ఇందులోనే.

ముంబైలోని ఏక్ టైప్ వాళ్లు చేసిన ఫాంట్ ఇది. ఒక్కో లిపికి ఒక్కో బాలూ చేసి, తెలుగుకి తమ్ముడు అని పేరు పెట్టారు. తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, మలయాళానికి చేట్టన్, అంటే అన్న. ఆ పేర్లు చూడగానే నాకు ముచ్చటేసింది. ఉచితం, వ్యాపారానికి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు.

'గోంగూర' అని ఎక్స్‌ట్రా బోల్డ్‌లో, అంటే అన్నిటికంటే లావు అక్షరాల్లో, కొట్టి చూడండి. సున్నా గారెలా బొద్దుగా ఉంటుంది. గీతల కొసలు ఎక్కడా గుచ్చుకోవు, మెత్తగా ఆగుతాయి. కుంచె నిండా రంగు ముంచి ఎవరో తీరిగ్గా రాసిన బోర్డు గుర్తొస్తుంది. మన అక్షరాలే గుండ్రనివి కదా, ఈ లావు వాటికి నప్పింది. ఇంట్లో చేసిన పచ్చడికి ఇంతకంటే తగిన రాత నాకు దొరకలేదు.

పేరు రెండు వరసల్లో వస్తే మాత్రం జాగ్రత్త. 'వెల్లుల్లి' కింద 'కారం' వేస్తే మధ్య ఖాళీ ఎక్కువొచ్చింది. తగ్గించబోతే ల ఒత్తులు వచ్చి 'కారం' తలకట్టుకి తగిలాయి. కొంచెం కొంచెంగా జరుపుతూ కూర్చుంటే అరగంట పట్టింది.

చిన్న అక్షరాలకు ఈ లావు పనికిరాదు. 'పదార్థాలు' అని చిన్న సైజులో వేస్తే ర కింద థ ఒత్తు ముద్దకట్టుకుపోయింది. అయిదు మందాలున్నాయి కాబట్టి అలాంటి వాటికి అన్నిటికంటే సన్నదైన రెగ్యులర్ తీసుకున్నాను, హాయిగా చదవొచ్చు.

అసలు టెన్షన్ ప్రెస్సులో వచ్చింది. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో నా ఫైలు తెరిస్తే 'పచ్చడి' కాస్తా 'పచ్‌చడి' అయింది. చూసుకోకుండా అయిదొందల లేబుళ్లు కొట్టేశారు, అన్నీ దండగ. తప్పు ఫాంట్‌ది కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌కి యూనికోడ్ తెలుగు ఒత్తులు కలపడం రాదు. ఇప్పుడు అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే మారిపోని బొమ్మ గీతలుగా మార్చి, పీడీఎఫ్ పంపుతున్నాను, ముందు ఒక్క ప్రింటు తీయించి ప్రతి ఒత్తూ చూసుకున్నాకే మిగతావి.

ఈమధ్య బెంగళూరు ఆర్డర్లకు కన్నడ లేబుల్ 'బాలూ తమ్మ'లో వేయించాను. తెలుగు సీసా పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే వంటింట్లోంచి వచ్చాయని లిపి చదవడం రానివాళ్లకీ తెలుస్తుంది.