మోకాలి ఆపరేషన్ తర్వాత గంజాయి గమ్మీలు వాడి చూశాను

మార్చిలో నా ఎడమ మోకాలి చిప్ప మార్చారు. నొప్పికి ఆక్సీకోడోన్ అనే నల్లమందు జాతి గట్టి మాత్ర ఇచ్చారు. నొప్పి తగ్గేది గానీ వేసుకున్న గంటకే వాంతులు, పైగా నాలుగు రోజులు మోషన్ లేదు. డాక్టర్‌కి చెప్పి పదో రోజుకి మానేశాను. టైలెనాల్ (మన పారాసిటమాల్), ఐస్‌ప్యాక్‌లతో పగలు ఎలాగో గడిచేది. రాత్రి రెండింటికి మోకాలు లోపల్నుంచి సలుపుతుంటే ఎటు తిరిగి పడుకోవాలో తెలిసేది కాదు. అప్పుడు మా అమ్మాయి "ఒకసారి గమ్మీ వేసుకుని చూడమ్మా" అంది. గమ్మీ అంటే గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి.

తెనాలిలో పెరిగినదాన్ని. గంజాయి అంటే నాకు తెలిసింది పేపర్లో వచ్చే విశాఖ ఏజెన్సీ కేసులే. మేముండే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ హోసేలో మాత్రం 2018 నుంచి 21 దాటినవాళ్లకి లైసెన్సు షాపుల్లో అమ్ముతున్నారు. అయినా ముందు సర్జన్ ఆఫీసుకి ఫోన్ చేశాను. నర్సు నా మందుల లిస్టంతా చదివించుకుంది. ఆక్సీకోడోన్‌తో కలిపి వద్దు, పొగ అసలే వద్దు, ఇకముందు ఎప్పుడు మత్తు ఇవ్వాల్సి వచ్చినా ఈ సంగతి ముందే చెప్పాలి అంది. నేను వాడుతున్న రక్తం పలచబడే మందు గురించి డాక్టర్‌ని అడిగి, మర్నాడు తక్కువ డోసుకి సరే అంది.

షాపు శుభ్రంగా ఉంది. గుమ్మం దగ్గరే ఐడీ చూశారు. నా వాకర్ చూసి కుర్చీ తెచ్చి వేశారు. క్రెడిట్ కార్డు తీసుకోరు, క్యాష్ పట్టుకెళ్లండి. కౌంటర్లో అబ్బాయి ఓపికగా లేబుల్ చదివి చూపించాడు: 20 గమ్మీలు, ఒక్కోదాన్లో 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించేది), అంతే సీబీడీ (గంజాయిలోదే, మత్తెక్కించనిది). "సగంతో మొదలుపెట్టండి, రెండు గంటలు ఆగండి" అన్నాడు. ఆ మాటకి నేను రుణపడి ఉన్నాను. కానీ వేరే మందులేం వాడుతున్నారని ఒక్క ముక్క అడగలేదు. ఆపరేషన్ అయిందని చెప్పాక కూడా అడగకపోవడం నాకు నచ్చలేదు.

డబ్బా మూత నొక్కి తిప్పితే గానీ రాదు. నా వేళ్లకి చేతకాక మా వారే తీసేవారు. నేరేడుపండు రంగు గమ్మీ, పైన పంచదార. కూరల కత్తికి అతుక్కుపోతుంది, కత్తి తడిపి కోస్తే సగానికి సరిగ్గా తెగింది.

మొదటి రాత్రి సగం వేసుకున్నాను. గంటన్నరకి ఒళ్లు బరువెక్కి, ఐదున్నర దాకా లేవలేదు. మూడో రాత్రి తప్పు చేశాను. గంట గడిచినా ఏమీ తెలియట్లేదని మిగతా సగం కూడా వేసుకున్నా. తిన్నది కడుపులోంచి కాలేయానికి వెళ్లి మెల్లగా ఎక్కుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. గుండె దడ, నోరెండిపోవడం, గది తిరగడం. బాత్రూమ్‌కి మా వారు పట్టుకుని తీసుకెళ్లారు. ఆయన ఇంట్లో లేకపోతే కొత్త మోకాలితో పడి ఉండేదాన్ని. ఒంటరిగా ఉండేవాళ్లు ఈ ఒక్క సంగతీ బాగా ఆలోచించుకోండి.

మరి నొప్పి? నిజం చెప్తున్నా, పెద్దగా తగ్గలేదు. ఫిజియోథెరపీలో మోకాలు వంచేటప్పుడు ప్రాణం పోయినట్టే ఉండేది. నాకు దక్కింది నిద్ర. రాత్రి నాలుగైదు గంటలు పడుకుంటే పొద్దున ఆ వంచడం భరించగలిగాను. నా మార్కులు నిద్రకి ఐదుకి నాలుగు, నొప్పికి రెండు.

వీసా మీదా గ్రీన్‌కార్డు మీదా ఉన్న మన పిల్లలు మాత్రం షాపు మెట్లు ఎక్కకముందే లాయర్‌ని అడగండి. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, వాడానని చెప్పినా ఇమిగ్రేషన్‌లో చిక్కే. నేను సిటిజన్‌ని కాబట్టి ధైర్యం చేశాను. ఇండియా వెళ్లేటప్పుడు ఒక్క గమ్మీ కూడా బ్యాగులో ఉండకూడదు.

డబ్బాలో ఇంకా సగం పైనే ఉన్నాయి. మనవడికి మూడేళ్లు, చూస్తే చాక్లెట్టే అనుకుంటాడు. అందుకని తాళం వేసిన సూట్‌కేసులో పెట్టి, తాళం చెవి మా వారికిచ్చాను.