కాకతీయుల దారిలో: హనుమకొండ, రామప్ప, గణపురం

రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక హైదరాబాద్ నుంచి పొద్దున్నే కారెక్కి, రాత్రికి ఇంటికి చేరేలా చుట్టి వచ్చేవాళ్లు పెరిగారు. నన్నడిగితే హనుమకొండలో ఒక రాత్రయినా ఉండాలి. రామప్ప చెరువు గట్టున బస దొరికితే ప్రశాంతంగా ఉంటుంది, కాదనను. కానీ చీకటి పడ్డాక అక్కడ చేయడానికేమీ ఉండదు. హనుమకొండలో అయితే తిండికి, బస్సుకి, ఆటోకి దేనికీ ఇబ్బంది లేదు. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ, గీజరు మాత్రం అలంకారానికే. పొద్దున బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చిన కుర్రాడి పుణ్యమా అని స్నానాలయ్యాయి.

వేయిస్తంభాల గుడి ఊరి మధ్యే ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టొచ్చు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం: శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి తలా ఒక గర్భగుడి. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, ఏళ్ల తరబడి పని సాగదీసి, చివరికి 2024లో మళ్లీ తెరిచారు. నల్లరాతి నంది ఒళ్లు ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది. గంట చాలు.

రామప్పకు మాత్రం సగం రోజు తీసిపెట్టుకోండి. ములుగు దాకా బస్సులు దండిగా ఉన్నాయి. అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకుంటే మంచిది. పూజలు జరిగే గుడి కాబట్టి చెప్పులు బయటే. మధ్యాహ్నం వెళ్తే రాతి పరుపు మీద కాళ్లు కాలిపోతాయి.

కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి శాసనం 1213 నాటిది. గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు, నల్లరాయి. ఒకామె ఒంటి మీద పాము పాకుతోంది. ఇంకొకామె కాళ్లకు ఎత్తుమడమల చెప్పులున్నాయి. అందరూ ఆ చెప్పుల దగ్గరే ఫోన్లు తీస్తారు. నేను మాత్రం ఆమె నడుము వంపు దగ్గరే ఆగిపోయాను. అంత గట్టి రాయిని అంత పల్చగా ఎలా చెక్కారో!

గైడును పెట్టుకోండి. మాకు దొరికినాయన "ఇట్ల కొట్టి చూడున్రి సార్" అని కృష్ణుడి శిల్పమున్న స్తంభాన్ని వేలితో మీటితే సన్నగా స్వరం పలికింది. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారనీ, పునాదిలో ఇసుక నింపారనీ కూడా ఆయనే చెప్పాడు. లోపలి నేల అక్కడక్కడ కుంగినా గుడి నిలబడే ఉంది. అయితే ఆయన చెప్పిన రాజుల ప్రేమకథలు మాత్రం విని వదిలేయాల్సినవే.

చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. దగ్గర్లోనే ఉన్న గణపురం కోటగుళ్లకు వెళ్లకపోతే అన్యాయం. ఒకే ఆవరణలో ఇరవైకి పైగా గుళ్లు, చాలావరకు శిథిలాలే. సగం మనిషి, సగం సింహంగా ఉన్న రూపం ఏనుగు మీద నిలబడ్డ శిల్పాన్ని అడుగు దూరం నుంచి చూడొచ్చు, తోసుకునేవాళ్లే ఉండరు. మంచినీళ్లు, తినడానికేమైనా వెంట తీసుకెళ్లండి.

వరంగల్ కోటకు సాయంత్రం వెళ్లాలి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యనున్న స్వయంభూ శివాలయం మాత్రం నేలమట్టమైంది. గడ్డిలో వరసగా పేర్చిన స్తంభాల ముక్కల మధ్య తిరుగుతుంటే 1323లో ఢిల్లీ సుల్తానుల దండయాత్ర ఏం చేసిందో చెప్పకుండానే అర్థమవుతుంది. పక్కనే లోపలికి వాలిన గోడలతో ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం ఉంది. తోరణాల దగ్గరే కాలమంతా గడిపేస్తే దానికి తాళం పడిపోతుంది, అందుకని ముందు దాన్ని చూసేయండి.