మాల్టా ట్రిప్: ఏసీ మీటరు, బస్ ప్రయాణాలు, గోజో ఉప్పు

మాల్టాలో అపార్ట్‌మెంట్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఓనర్‌ని ఒక్క మాట అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి. ఏసీ కరెంటు అద్దెలోనే ఉందా, విడిగానా, విడిగా అయితే యూనిట్ ఎంత? మాకు జరిగింది చదివితే ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో తెలుస్తుంది, నాకైతే ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. 2024లో అత్తయ్య, మామయ్య గారు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర కొన్నాళ్లు ఉన్నారు. మాల్టా కూడా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లోనే ఉంది కాబట్టి వాళ్ల జర్మనీ వీసా సరిపోతుంది, మళ్లీ 90 యూరోల ఫీజు కట్టే పని లేదు, అందుకని సెప్టెంబర్ మొదటి వారానికి ప్లాన్ చేశాం. మేమిద్దరం, వాళ్లిద్దరు, మా బుడ్డోడు. ఫ్లైట్ రెండున్నర గంటల లోపే, ఐదుగురికి రానూపోనూ 1,046 యూరోలు అయ్యింది.

సెయింట్ జూలియన్స్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, ఏడు రాత్రులకి 812, క్లీనింగ్ కింద ఇంకో 70. లిఫ్ట్ ఉంది, ఏసీ ఉంది, సముద్రం కనిపిస్తుంది అని ఫోటోలతో సహా పెట్టారు. ఇంక రేపు బయల్దేరతాం అనగా రాత్రి తొమ్మిదింటికి ఓనర్ నుంచి మెసేజ్ వచ్చింది: రోజుకి 5 యూనిట్ల కరెంటు ఫ్రీ, దాటితే యూనిట్‌కి 50 సెంట్లు, డిపాజిట్ 200 యూరోలు క్యాష్‌గా తీసుకురండి అని. ముందు రాసినదాంట్లో ఎక్కడా ఈ ముక్క లేదు. అప్పుడు క్యాన్సిల్ చేస్తే రూపాయి వెనక్కి రాదు, అది వాళ్లకీ తెలుసు, అందుకే ఆ టైమ్‌కి పంపారు అని నా గట్టి నమ్మకం.

తీరా వెళ్తే లిఫ్ట్‌కి రిపేర్ అని కాగితం అంటించి ఉంది. నాలుగో అంతస్తు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఒక్కో అంతస్తుకీ ఆగి గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని ఎక్కారు, పైకి చేరేసరికి ఆవిడ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. కనిపిస్తుందన్న సముద్రం బాత్రూమ్ కిటికీలోంచి రెండు బిల్డింగుల సందులో జానెడు కనిపించింది. దీనికి తోడు టూరిస్ట్ పన్ను కింద మనిషికి 5 యూరోలు చొప్పున 25 అడిగాడు తాళాలు ఇచ్చినతను. మేం వెళ్లినప్పటి రూలు ప్రకారం 18 ఏళ్లు దాటినవాళ్లకి రాత్రికి 50 సెంట్లు, ఎన్నాళ్లున్నా మనిషికి 5 మించకూడదు, పిల్లలకి లేదు. నలుగురు పెద్దవాళ్లం, ఏడు రాత్రులు అంటే 14 యూరోలు. మా ఆయన లెక్క చెప్తే మాట్లాడకుండా 14 తీసుకున్నాడు.

ఇక్కడ మా మామయ్య గారి గురించి చెప్పాలి. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ఇంజనీర్‌గా రిటైర్ అయ్యారు. సామాను కింద పెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట "మీటరు ఎక్కడుంది" అని. కింద మెట్ల పక్కన చెక్క తలుపు అల్మరా, అందులో వరసగా మీటర్లు, మా ఫ్లాట్ నంబర్ చూసి రీడింగ్ 41,873 అని డైరీలో రాసుకుని, నన్ను టైమ్ కనిపించేలా ఫోటో తీయమన్నారు. ఆ తర్వాత రోజూ పొద్దున కాఫీ తాగి నాలుగంతస్తులు దిగి రీడింగ్ రాసుకొచ్చారు. సెప్టెంబర్‌లో కూడా అక్కడ రాత్రిళ్లు ఉక్క బాగానే ఉంటుంది, ఐదు యూనిట్లంటే రెండు ఏసీలు రాత్రి సగం కూడా నడవవు. ఆయనేమో "నేను ఫ్యాన్ కింద పడుకుంటా, మీరేసుకోండి" అంటారు, ఫ్యానేమో లేదు. మొదటి రెండు రాత్రులు సరిగా నిద్ర లేక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, అత్తయ్య ఏమో "ఇంత డబ్బు పోసి ఈ తిప్పలెందుకమ్మా" అని నన్ను పక్కకి పిలిచి అన్నారు. ఇంక లాభం లేదని రెండూ ఆన్ చేసేశాం.

ఖాళీ చేసే రోజు రీడింగ్ 41,991. అంటే 118 యూనిట్లు. ఫ్రీ 35 తీసేస్తే 83, యాభై సెంట్ల లెక్కన 41.50. వచ్చినతను మీటరు వైపు కన్నెత్తి చూడకుండా 240 యూనిట్లు ఎక్కువ వాడారని 120 పట్టుకుని 80 చేతిలో పెట్టాడు. మామయ్య గారు అతన్ని అల్మరా దగ్గరికి తీసుకెళ్లి డైరీ చూపించారు, "రీడింగ్ చూపించి మాట్లాడు" అని ఇంగ్లిష్‌లో నిదానంగా రెండుసార్లు అన్నారు. ఓనర్‌తో మాట్లాడుకోండి అని అతను వెళ్లిపోయాడు. మేం బుక్ చేసిన సైట్‌కి మొదటి ఫోటో, చివరి ఫోటో, డైరీ పేజీ పెట్టి కంప్లయింట్ ఇచ్చాం, దాదాపు రెండు వారాలకి 78.50 వెనక్కి వచ్చింది. లిఫ్ట్‌కీ, సముద్రానికీ మాత్రం ఏమీ రాలేదు. మాల్టాలో ఇళ్లకి కరెంటు మొదటి శ్లాబులో యూనిట్‌కి 10 నుంచి 13 సెంట్లే పడుతుంది, అది 50కి అమ్మడం ఏం వ్యాపారమో మీరే చెప్పండి.

ఈ రేటు మాకు చెప్పింది పక్క ఊరు స్లీమాలో ఒక హోటల్లో పనిచేసే నెల్లూరు అబ్బాయి. చదువుకోడానికి వెళ్లాడట, సాయంత్రాలు కిచెన్‌లో పని. మేం తెలుగు మాట్లాడుకోవడం విని లోపల్నుంచి బయటికొచ్చాడు, మెనూలో లేకపోయినా అత్తయ్యకి పప్పు, అన్నం వేడివేడిగా పెట్టించాడు. మాల్టాలో ఇప్పుడు మనవాళ్లు చాలామందే ఉన్నారు, బస్ డ్రైవర్లలో మలయాళీలు, ఫుడ్ డెలివరీలో ఉత్తరాదివాళ్లు కూడా కనిపించారు.

ఇల్లు ఇంత ఏడిపించినా ఊళ్లు తిరగడం మాత్రం హాయిగా జరిగింది, దానికి కారణం బస్సులు. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు, కారు అసలు అక్కర్లేదు. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్ (1964 దాకా బ్రిటిష్ వాళ్ల కింద ఉంది కదా, ప్లగ్గులు కూడా ఇంగ్లండ్ మూడు పిన్నులవే, అడాప్టర్ మర్చిపోవద్దు), కానీ పార్కింగ్ దొరకడం నరకం అని అక్కడివాళ్లే చెప్తారు. వేసవిలో టికెట్ 2.50, రెండు గంటల్లో ఎన్ని బస్సులైనా మారొచ్చు. మేం వారం కార్డు తీసుకున్నాం, పెద్దవాళ్లకి 25. ఒక్కటే ఇబ్బంది, నిండిపోతే ఆపకుండా వెళ్లిపోతాడు, కాబట్టి రాజధాని వల్లెట్టా మెయిన్ స్టేషన్‌లోనో బస్సు బయల్దేరే చోటో ఎక్కండి, మధ్య స్టాపుల్లో ఎండలో నిలబడకండి.

వల్లెట్టాకి ఒక పూర్తి రోజు ఉంచుకోండి. అప్పర్ బరాక్కా గార్డెన్ నుంచి హార్బర్ చూడ్డానికి డబ్బులక్కర్లేదు, మధ్యాహ్నం 12కీ, సాయంత్రం 4కీ ఫిరంగి పేలుస్తారు, బుడ్డోడు చెవులు మూసుకుని మళ్లీ పేల్చమన్నాడు. సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్ టికెట్ 15 యూరోలు, ఖరీదే, కానీ ఇవ్వాల్సిందే. నేలంతా నైట్స్ అనే క్రైస్తవ వీరుల సమాధుల మీద రంగురంగుల పాలరాతి పలకలు, ఎక్కడ అడుగు పెట్టాలో తెలియలేదు. పక్క గదిలో కారవాజియో 1608లో వేసిన యోహాను శిరచ్ఛేదం బొమ్మ ఉంది, గోడంత పెద్దది, ఆయన సంతకం పెట్టిన బొమ్మ ఇదొక్కటేనట, అదీ నేల మీద కారిన రక్తంలోనే పెట్టాడు. రోమ్‌లో హత్య చేసి పారిపోయి వచ్చిన మనిషి ఇక్కడ ఆ నైట్స్ సంఘంలో చేరి, అదే ఏడాది బహిష్కరణకి గురయ్యాడు. మా ఆయన ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు. ఆదివారం టూరిస్టులకి మూసేస్తారు, భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోండి.

మామయ్య గారి మూడ్ మారింది మాత్రం మోస్టా అనే ఊరి చర్చిలో. 1942 ఏప్రిల్ 9న జర్మన్ విమానాలు వేసిన బాంబు ఆ చర్చి గుమ్మటం చీల్చుకుని లోపల పడింది, ప్రార్థనకి వచ్చినవాళ్లు లోపల వందల్లో ఉన్నారు, అది పేలలేదు. లోపలి గదిలో అలాంటి బాంబు నమూనా పెట్టారు. ఆయన గుమ్మటం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, రాత్రి ఫోన్‌లో విజయవాడలో తమ్ముడికి అంతా చెప్పారు.

తిండి విషయంలో పాస్తిట్సీకి నేను ఓటేస్తా. పొరలు పొరలుగా ఉండే పిండి, లోపల రికోట్టా చీజ్ గానీ బఠాణీల ముద్ద గానీ. రబాత్‌లో, ఎమ్‌దీనా కోట బయట, క్రిస్టల్ ప్యాలెస్ అని చిన్న టీ కొట్టు లాంటిది ఉంది, వల్లెట్టా నుంచి 51, 52, 53 బస్సులు వెళ్తాయి. పాస్తిట్సీ ఒక్కోటి యూరో లోపే, టీ గాజు గ్లాసులో పాలు కలిపి ఇస్తారు. పొయ్యిలోంచి అప్పుడే తీసినది, పట్టుకుంటే వేళ్లు కాలాయి, కొరికితే పొరలన్నీ చీర మీద రాలాయి, లోపల బఠాణీ ముద్దలో కొంచెం మిరియాల ఘాటు. అత్తయ్య మూడు తిన్నారు, వారంలో ఆవిడ అడిగి మరీ ఇంకోటి తెప్పించుకున్నది ఇదొక్కటే. ఐదుగురం టీలతో కలిపి కడుపు నిండా తింటే 12 యూరోలు కూడా కాలేదు, అదే ముందురోజు సెయింట్ జూలియన్స్ ఒడ్డున చప్పిడి పాస్తాలకి 94 ఇచ్చాం. అయితే కొన్నిచోట్ల పిండిలో పంది కొవ్వు వాడతారు, శాకాహారులు తప్పకుండా అడగండి. వాళ్ల కిన్నీ అనే నారింజ డ్రింక్ చేదుగా ఉంటుంది, మా ఆయనకి తప్ప ఎవరికీ నచ్చలేదు.

మర్సాష్‌లోక్ అనే జాలర్ల ఊళ్లో ఆదివారం సంత, ముందువైపు కళ్లు వేసిన రంగుల పడవలు, బాగున్నాయి, పొద్దున తొమ్మిదిలోపు వెళ్తేనే.

మాల్టాకి చెందిన ఇంకో దీవి గోజో గురించి ఎంత చెప్పినా తక్కువే. చిర్కేవా రేవు నుంచి ఫెర్రీ 25 నిమిషాలు, వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడు 4.65 తీసుకుంటారు. జిగాంతియా గుళ్లు క్రీస్తుకి 3,600 ఏళ్ల ముందు కట్టడం మొదలుపెట్టినవి, పిరమిడ్‌ల కంటే పాతవి. 2017 మార్చిలో కూలిపోయిన అజూర్ విండో రాతి తోరణం పోస్టర్లు ఇంకా అమ్ముతున్నారు, అది చూద్దామని వెళ్లకండి, లేదు. మేం ఎక్కువసేపు ఉన్నది మాత్రం మర్సల్‌ఫోర్న్ దాటాక ష్వేయ్ని దగ్గర ఉప్పు మడుల్లో. అత్తయ్య పుట్టిల్లు చినగంజాం, ఉప్పు మడుల మధ్య పెరిగిన మనిషి. అక్కడ మట్టిలో కట్టే మడులు ఇక్కడ సున్నపురాతిలో గళ్లు గళ్లుగా చెక్కి ఉన్నాయి, సముద్రపు నీరు నిలబెట్టి ఎండకి వదిలేస్తారు. ఒక పెద్దావిడ పొడుగు చీపురుతో ఉప్పు కుప్ప పోస్తోంది. అత్తయ్య చెప్పులు విడిచి ఒడ్డున కూర్చుని చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుని, "ఇంకా తడి ఆరలేదు, రేపటికి తీయాలి" అన్నారు. నేను ఇంగ్లిష్‌లో చెప్తే ఆ పెద్దావిడ నవ్వి, నిజమే, ఈ కుప్ప రాత్రంతా ఆరాలి అంది. ఇద్దరూ భాష లేకుండా చేతులతోనే చాలాసేపు మాట్లాడుకున్నారు, చీపురు కూడా ఒకసారి చేతులు మారింది. చిన్న సంచి 3 యూరోలు, నాలుగు కొన్నాం, ఆవిడ ఇంకోటి ఊరికే ఇచ్చింది. మోకాళ్ల నొప్పి మాట ఆ రోజంతా ఎత్తలేదు అత్తయ్య.

కొమీనో అనే చిన్న దీవిలోని బ్లూ లాగూన్‌కి మా ఆయన, బుడ్డోడు వెళ్లొచ్చారు. నీళ్లు ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి, కానీ కాలు పెట్టే సందు లేదు, ఎండ నుంచి తప్పించుకోడానికి చెట్టు లేదు. 2025 నుంచి ఆన్‌లైన్‌లో ముందే ఫ్రీ స్లాట్ బుక్ చేసుకుని చేతికి బ్యాండ్ వేయించుకుంటేనే రానిస్తున్నారు, మంచి పని చేశారు. పెద్దవాళ్లతో వెళ్తే ఇది వదిలేసి ఆ పూట కూడా గోజోకే ఇవ్వండి.

ఇంకొకటి, హైపోజియం అనే భూగర్భ సమాధుల గుహకి గంటకి పదిమందినే పంపిస్తారు, టికెట్ 35 యూరోలు, నెలల ముందే అయిపోతాయి, మాకు దొరకలేదు. ఫ్లైట్ కంటే ముందు అది బుక్ చేయండి. ఉండటానికి వల్లెట్టా లోపల గానీ, హార్బర్ అవతలి మూడు పాత ఊళ్లు త్రీ సిటీస్‌లో గానీ చూడండి, అక్కణ్నుంచి చిన్న పడవలో దాటొచ్చు, రాత్రి డీజే గోల ఉండదు. సెయింట్ జూలియన్స్ పాతికేళ్ల కుర్రాళ్లకి, మనకి కాదు.