ఉగ్రస్తంభం దిగుతూ దారి తప్పాం

అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలు చూడటానికి 2 రోజులు చాలంటారు. చాలతాయి కూడా. మాకు మాత్రం అందులో రెండున్నర గంటలు ఒక వాగులో పోయాయి.

కార్తీకంలో నేనూ మా బావమరిదీ హైదరాబాద్ నుంచి కారులో వెళ్లాం. గది దిగువ అహోబిలంలో తీసుకున్నాం. ఎగువన బస తక్కువ, పైగా రెండింటికీ మధ్య 8 కిలోమీటర్లే. లాడ్జి బోర్డు మీద '24 గంటలూ వేడినీళ్లు' అని రాసి ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు అడిగితే "హీటర్ ఆరింటికి వేస్తాం సార్" అన్నారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కారు పెట్టుకోవడానికి చోటుంది, అంతవరకే. దాని బదులు సత్రం భోజనానికి ఎన్ని మార్కులైనా వేస్తాను. ముందు రోజే ఫోన్ చేసి ఎంతమందో చెప్పాం. రాత్రి వేడి అన్నం, పప్పు, చారు, గట్టి మజ్జిగ. అడిగి అడిగి వడ్డించారు.

పొద్దున 6 గంటలకు ఎగువ అహోబిలం గుడి దగ్గర నడక మొదలుపెట్టాం. అక్కడ అమ్మే చేతికర్రలు కోతుల భయంతో కొన్నాం, తర్వాత మోకాళ్లకు అక్కరకొచ్చాయి. భవనాశిని వాగు పక్కనే వరాహ నరసింహస్వామిని చూసుకుని, బండలు దాటి, మెట్లెక్కి జ్వాలా నరసింహం చేరేసరికి ఎనిమిదిన్నర. వానలు అప్పుడే తగ్గాయి కాబట్టి కొండ అంచు నుంచి నీళ్లు ఇంకా పడుతున్నాయి. ఆ తుంపర్లలో తడుస్తూ గుళ్లోకి వెళ్లాలి. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కచోటు చూడమంటే నేను ఇదే చెబుతాను, ఇంకా పైనున్న ఉగ్రస్తంభం అనే కొండకొమ్ము కాదు.

అక్కడే ఒక కుర్రాడు, "స్తంభం దాకా తోడొస్తా సార్, 800 ఇవ్వండి" అన్నాడు. ముందు జనం పోతున్నారు, బండల మీద బాణం గుర్తులున్నాయి, ఇంక తోడెందుకని వద్దన్నాం. లాడ్జి వాళ్ల కంటే తక్కువ మార్కులు ఈ నిర్ణయానికే వేయాలి.

ఎక్కడం కష్టమే గానీ తికమక లేదు. రాళ్ల మీద చేతులు ఆనించి పాకుతూ పోతే పైన రెండుగా చీలిన కొండకొమ్ము. స్వామి స్తంభం చీల్చుకుని వచ్చింది ఇక్కడే అంటారు. నిలబడే చోటు ఇరుకు, గాలి ఎక్కువ. పాదాలకు దండం పెట్టుకుని, నాలుగు ఫొటోలు తీసుకుని పదకొండున్నరకు దిగడం మొదలుపెట్టాం.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. మేం నమ్ముకున్న బాణాలు ఎక్కేవాళ్ల కంటికి కనబడేలా, రాళ్లకు కిందివైపు వేసి ఉన్నాయి. దిగేటప్పుడు ఆ రాళ్లన్నీ బోడి రాళ్లే. ఒకచోట వెదురు పొదల పక్కనుంచి కాలిబాట లాంటిది కనిపిస్తే అటే పోయాం. పావుగంటకు వాగు తగిలింది. "నీళ్ల వెంట దిగితే జ్వాలకే పోతాం బావా" అన్నాడు వాడు. నాకూ సబబుగానే తోచింది.

వాగు వెంట దిగకూడదని ఎవరైనా ముందు చెప్పుంటే బాగుండేది. నీళ్లు దూకిపోతాయి, మనం దూకలేం. నాచు పట్టిన బండ మీద కూర్చుని జారుకుంటూ పోతే, ఎదురుగా ఒక్కసారిగా చెట్ల తలలు కనిపించాయి. బండ అక్కడితో అయిపోయింది. కింద మూడు నిలువుల లోతు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. సీసాలో సగం నీళ్లు, జేబులో పల్లీపట్టీ. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే నల్లమల అది. కార్తీకంలో పొద్దు త్వరగా వాలిపోతుంది. అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్.

పక్కనుంచి దిగుదామని వాడు, వద్దని నేను. కాసేపు గొడవ పడ్డాం. చివరికి పల్లీపట్టీ చెరిసగం తిని, వచ్చిన దారినే పైకి ఎక్కాం. జారిన బండను మళ్లీ ఎక్కడానికే అరగంట పట్టింది. వెదురు పొదల దగ్గర నేను కదలకుండా నిలబడి మాట్లాడుతూ ఉంటే, వాడు నా గొంతు వినిపించే దూరంలోనే చుట్టూ వెతికాడు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి పైకి చూడమన్నాను. నాలుగోసారో ఐదోసారో "బావా, బాణం!" అని కేక పెట్టాడు. మేం దారి వదిలిన చోటు అక్కడికి 50 అడుగులు కూడా లేదు.

జ్వాల దగ్గరికొచ్చేసరికి మూడు దాటింది. కుర్రాడు ఇంకా అక్కడే కూర్చున్నాడు. మా ప్యాంట్ల వెనక పచ్చగా అంటిన నాచు చూసి, "వాగులోకి దిగారా సార్?" అన్నాడు. రోజుకు ఒకరైనా దిగుతారట. మాలోల నరసింహుణ్ణి, ప్రహ్లాద బడిని ఆ రోజుకు వదిలేసుకున్నాం.

మర్నాడు పావన నరసింహానికి జీపులో పోయాం. అదీ రోడ్డు కాదు, రాళ్ల గుట్ట. ఒకరు అడిగిన రేటు ఇంకొకరు అడగలేదు, కాబట్టి ఇద్దరు ముగ్గుర్ని అడిగి, మరో కుటుంబంతో కలిసి ఎక్కడం మేలు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం వద్దంటాను. తిరిగొచ్చాక మధ్యాహ్నం మాలోలకు బయల్దేరాం, ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని. మాలోలకు మెట్లున్నాయని, తోడు అక్కర్లేదని వాడే చెప్పాడు. అయినా రమ్మన్నాం.