సిజేరియా, పోర్టస్: కడలిలో కట్టిన రెండు రేవులు

రెండుచోట్లా సహజమైన అఖాతం లేదు, అలల్ని ఆపే గోడలు మనిషే కట్టాలి. సిజేరియాను క్రీ.పూ. 22 ప్రాంతంలో హేరోదు రాజు యూదయ (నేటి ఇజ్రాయెల్) తీరాన మొదలుపెట్టాడు. పోర్టస్‌ను క్రీ.శ. 42లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ రోము దగ్గర టైబర్ నది ముఖద్వారానికి ఉత్తరంగా మొదలుపెట్టాడు.

సిజేరియా పనితనమే నాకు ఎక్కువ అబ్బురం. నేపుల్స్ అఖాతం నుంచి అగ్నిపర్వతపు బూడిదను ఓడల్లో తెప్పించారు. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ల బూడిద, పైన రాళ్ల ముక్కలు. ఈ మిశ్రమాన్ని నీళ్లలోకి దింపిన చెక్క పెట్టెల్లో నింపితే ఉప్పునీటిలోనే గట్టిపడుతుంది. లోపం కాంక్రీటులో కన్నా అడుగున ఉంది: కింద ఇసుక. బరువుకు, అలల కోతకు, భూకంపాలకు గోడలు కుంగాయి. ఇప్పుడవి నీటి అడుగున ఉన్నాయి.

పోర్టస్‌లో చిక్కు వేరు. క్లాడియస్ రేవు సుమారు 200 హెక్టార్లు. అంత వెడల్పులో గాలికి లోపలే అలలు లేస్తాయి. క్రీ.శ. 62 తుఫానులో దాదాపు 200 ఓడలు రేవులోనే మునిగిపోయాయి. అందుకే తర్వాతి కాలపు చక్రవర్తి ట్రాజన్ లోపలివైపు ఆరు భుజాల కొలను తవ్వించాడు. ఒక్కో భుజం దాదాపు 358 మీటర్లు, లోతు సుమారు 5 మీటర్లు. ఓడలకు అసలైన రక్షణ ఇక్కడే దొరికింది. రోముకు ధాన్యం చేరవేతలో ఇది శతాబ్దాలపాటు పనిచేసింది.

టైబర్ ఒండ్రును మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. తీరం సముద్రం వైపు కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. ఆ షడ్భుజి ఫ్యూమిచీనో విమానాశ్రయం పక్కన చెరువులా ఇప్పటికీ కనిపిస్తుంది.